డ్రోన్ పైలట్ పరీక్ష: మారేడుమిల్లి కొండల నుంచి చూస్తే

రాజమహేంద్రవరం నుంచి భద్రాచలం వెళ్లే రోడ్డు మారేడుమిల్లి దాటాక ఘాట్‌లో మెలికలు తిరుగుతుంది. ఆ మలుపుల్లో ఒకచోట రోడ్డు అంచున నిలబడి ఓ కుర్రాడు డ్రోన్ ఎగరేశాడనుకుందాం. నూరు మీటర్లు పైకి లేపి, లోయ వైపు పోనిచ్చాడు. చేతిలోని తెర మీద ఎత్తు ఇంకా నూరు మీటర్లనే చూపిస్తోంది. కానీ ఇప్పుడు డ్రోన్ కింద రోడ్డు లేదు. రోడ్డుకు మరో నూట యాభై మీటర్ల దిగువన వాగు పారుతోంది. అంటే నేల నుంచి డ్రోన్ ఎత్తు రెండు వందల యాభై మీటర్లు. మామూలుగా చట్టం పెట్టిన హద్దు 400 అడుగులు, అంటే దాదాపు 120 మీటర్లే. కుర్రాడు స్టిక్ పైకి తోయనే లేదు, అయినా హద్దు దాటిపోయాడు.

తెరలో తప్పు లేదు. అది బయల్దేరిన చోటు నుంచి కొలుస్తుంది, చట్టమేమో డ్రోన్ కింద ఉన్న నేల నుంచి కొలుస్తుంది. మైదానంలో ఈ రెండూ ఒకటే కాబట్టి గుంటూరులోనో వరంగల్‌లోనో నేర్చుకునేవాడికి ఇది పుస్తకంలో ఒక నిర్వచనం. కొండల్లో ఎగరేసేవాడికి ప్రతి రోజూ ఎదురయ్యే లెక్క. డ్రోన్ పైలట్ పరీక్ష పాఠ్యాంశాల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. తూర్పు కనుమల్లో పుట్టి పెరిగినవారికి వాటిలో సగం ఏదో ఒక రూపంలో ముందే తెలుసు. తెలియనివి చట్టం, ఇంగ్లిషు మాటలు.

ఈ పరీక్ష నెగ్గినవారికి ఇచ్చే పత్రం పేరు రిమోట్ పైలట్ సర్టిఫికెట్. మనిషి ఎక్కని విమానాన్ని నేల మీద నుంచి నడిపే అర్హత అది. దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ పాఠ్యక్రమం నిర్ణయిస్తుంది. ఆ సంస్థ ఆమోదం పొందిన శిక్షణ కేంద్రాలు నేర్పుతాయి, అవే పరీక్ష పెడతాయి, నెగ్గినవారికి సర్టిఫికెట్ కూడా వాటి ద్వారానే అందుతుంది. గ్రూప్స్‌లాగా, బ్యాంకు ఉద్యోగాల పరీక్షలాగా అందరూ ఒకే రోజున రాసేది కాదు. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూడాల్సిన పని లేదు. శిక్షణలో చేరితే దాని చివర పరీక్ష ఉంటుంది. చేరకుండా ఇంట్లో చదువుకుని నేరుగా రాసే వీలు మాత్రం లేదు.

ఈ ఏర్పాటు ఇంత తేలికగా రాలేదు. 2014 అక్టోబరులో డీజీసీఏ ఒక బహిరంగ ప్రకటనతో పౌరులు డ్రోన్లు ఎగరేయడాన్ని నిలిపేసింది. 2018 డిసెంబరు 1 నుంచి మొదటి నియమావళి అమల్లోకి వచ్చింది. 2021 మార్చిలో వచ్చిన నియమాలు కాగితాల బరువుతో కుంగిపోయాయి. అదే ఏడాది ఆగస్టు 25న వాటిని తీసేసి డ్రోన్ నియమాలు 2021 తెచ్చారు. నింపాల్సిన దరఖాస్తు పత్రాలు 25 నుంచి 5కు, రుసుముల రకాలు 72 నుంచి 4కు తగ్గాయి. పెద్ద డ్రోన్ల పైలట్ అనుమతి రుసుము 3,000 రూపాయల నుంచి 100 రూపాయలకు దిగింది, గడువు పదేళ్లయింది. 2022 ఫిబ్రవరి 11న చేసిన సవరణతో 'లైసెన్స్' అన్న మాటే పోయి 'సర్టిఫికెట్' వచ్చింది. ఢిల్లీ నుంచి రావాల్సిన పత్రం అప్పటి నుంచి శిక్షణ కేంద్రం నుంచే వస్తోంది.

సర్టిఫికెట్ ఎవరికి కావాలన్నది బరువును బట్టి ఉంటుంది. 250 గ్రాములు, ఆ లోపు ఉంటే నానో. దానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. 250 గ్రాములు దాటి 2 కిలోల వరకు మైక్రో. సరదాకు ఎగరేసుకుంటే దీనికీ అక్కర్లేదు, డబ్బు తీసుకుని ఎగరేస్తే కావాలి. 2 నుంచి 25 కిలోల దాకా స్మాల్, 150 కిలోల దాకా మీడియం, ఆ పైన లార్జ్. మారేడుమిల్లి అడవి దారుల్లో పెళ్లికి ముందు జంటల ఫొటోలు, వీడియోలు తీసేవాళ్లు ఎక్కువగా పట్టుకొచ్చేది మైక్రో తరగతివే. 'చిన్నదే కదా, దీనికేం కాగితాలు' అన్న మాట అక్కడే చెల్లదు. ఆ వీడియోకు డబ్బు తీసుకుంటున్నారు కాబట్టి అది వాణిజ్యం. నియమాలు ఉల్లంఘిస్తే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంటుంది.

బరువు అంటే ఏ బరువన్నది పరీక్షలో చాలామంది జారిపోయే చోటు. ఖాళీ డ్రోన్ బరువు కాదు. బ్యాటరీ, కెమెరా లేక మందు ట్యాంకు, అందులోని ద్రవం అన్నీ కలిపి అది ఎత్తగలిగే గరిష్ఠ బరువు. పది లీటర్ల ట్యాంకున్న వ్యవసాయ డ్రోన్లు చాలావరకు 25 కిలోలకు కొంచెం లోపే ఆగేలా తయారవుతాయి. హద్దు దాటితే మీడియం తరగతి, అప్పుడు శిక్షణా మారిపోతుంది. ఏ తరగతి, ఏ రకం డ్రోన్ మీద నేర్చుకున్నారో సర్టిఫికెట్ కూడా దానికే వర్తిస్తుంది. రెక్కలు తిరిగే డ్రోన్ మీద నేర్చుకున్నవారు విమానంలా కదలని రెక్కలున్న డ్రోన్‌కు వేరుగా అర్హత తెచ్చుకోవాలి.

అర్హతలు చెప్పుకోవడానికి తేలికే. వయసు 18 నుంచి 65 మధ్య. గుర్తింపు ఉన్న బోర్డు నుంచి పదో తరగతి పాస్. ఆరోగ్యంగా ఉన్నట్టు వైద్యుడి ధ్రువపత్రం. మొదట్లో వీటితోపాటు పాస్‌పోర్టు కూడా ఉండేది, కొండ ఊళ్ల యువతకు తలుపు మూసింది ఆ ఒక్కటే. మారేడుమిల్లి చుట్టుపక్కల గూడేల్లో ఉండే కొండరెడ్లు ప్రత్యేకంగా వెనుకబడిన ఆదివాసీ తెగగా గుర్తింపు పొందినవారు. ఊరికి రోడ్డు లేనివారిని విదేశాలకు వెళ్లే పుస్తకం తెమ్మనడంలో న్యాయం లేదు. 2023 సెప్టెంబరు 27న వచ్చిన సవరణ ఆ అడ్డు తీసేసింది. పాస్‌పోర్టు లేకపోతే ఓటరు కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్ లాంటి ప్రభుత్వ గుర్తింపు చాలు. పల్లెల్లో వ్యవసాయ డ్రోన్లు నడిపేవారు పెరగాలన్నదే ఆ సవరణకు కారణంగా ప్రభుత్వం చెప్పింది. డ్రోన్ చట్టాల్లో ఇన్ని మార్పులు వచ్చినా గిరిజన ఏజెన్సీ ప్రాంతానికి ఇంతగా పనికొచ్చింది మరొకటి లేదు.

శిక్షణ స్మాల్ తరగతికి కనీసం ఐదు రోజులు, కొన్ని కేంద్రాలు వారం దాకా తీసుకుంటాయి. మొదట పాఠాలు, తర్వాత కంప్యూటర్ మీద సిమ్యులేటర్, ఆ తర్వాత మైదానంలో బోధకుడి పక్కన నిలబడి నిజమైన డ్రోన్. చివర రాతపరీక్ష, ఎగరేసి చూపించే పరీక్ష. పాఠాల్లో విమానయాన చట్టాలు, ఎగరడం వెనకున్న సూత్రాలు, గగనతలం, రేడియోలో మాట్లాడే పద్ధతి, వాతావరణం, డ్రోన్ నిర్వహణ, ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు చేయాల్సినవి, కెమెరా లేక ఇతర సామగ్రి బిగించడం ఉంటాయి. ఐదు రోజుల్లో ఇంత విషయం మింగుడుపడదు. ముందుగా చదువుకుని వెళ్లినవారికి, అక్కడికి వెళ్లాక మొదలుపెట్టినవారికి తేడా రెండో రోజుకే తెలిసిపోతుంది.

చట్టంలో అన్నిటికన్నా ముందు పట్టు సాధించాల్సింది గగనతల పటం. 2021 సెప్టెంబరు 24న కేంద్రం దీన్ని విడుదల చేసింది. ఆకుపచ్చ ప్రాంతంలో 400 అడుగుల వరకు అనుమతి అడగక్కర్లేదు. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే ఆ హద్దు 200 అడుగులకు దిగుతుంది. 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య నేల నుంచే పసుపు, అంటే ఆ గగనతలాన్ని చూసే కంట్రోల్ అధికారుల అనుమతి కావాలి. ఆకుపచ్చ ప్రాంతంలోనైనా హద్దుకు పైన ఉన్న ఆకాశం పసుపే. ఎరుపు ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వం ఒప్పుకుంటే తప్ప ఎగరేయకూడదు. నౌకాదళం ఉన్న విశాఖపట్నంలో సాగర తీరాన నిలబడి డ్రోన్ తీయాలనుకునేవారు ముందు ఈ పటమే చూడాలి.

మారేడుమిల్లికి దగ్గరి విమానాశ్రయం రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడి. పన్నెండు కిలోమీటర్ల వలయానికి మారేడుమిల్లి చాలా అవతల ఉంది. అయితే విమానాశ్రయం లేనంత మాత్రాన ఆకాశమంతా మనదే అనుకోకూడదు. చుట్టూ ఉన్నది రిజర్వు అడవి, ఆ పక్కనే 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన పాపికొండలు. అక్కడ డ్రోన్ తీయాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. గూళ్లు పెట్టుకునే కాలంలో హార్న్‌బిల్ పక్షుల చెట్టు మీదుగా డ్రోన్ మోత సాగితే ఏమవుతుందో ఈ అడవిలో తిరిగేవారికి వేరే చెప్పక్కర్లేదు. భద్రత సంగతి మరొకటి. 2025 నవంబరు 18న మావోయిస్టు నేత మాడ్వి హిడ్మా మరణించినట్టు పోలీసులు ప్రకటించిన ఎదురుకాల్పులు ఈ మారేడుమిల్లి అడవుల్లోనే జరిగాయి. ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఒక ప్రాంతాన్ని ఒక విడతలో 96 గంటల దాకా తాత్కాలిక ఎరుపు ప్రాంతంగా ప్రకటించే అధికారం నియమాల్లో ఉంది. అందుకే ఏజెన్సీలో డ్రోన్ తీసే ముందు దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పి రావడం మేలు. అలా చెప్పిన పైలట్ మీద ఊళ్లో ఎవరికీ అనుమానం కలగదు.

పాత నోట్సు పట్టుకుని చదివేవారికి ఇంకో ప్రమాదం. ఇంటర్నెట్‌లో తిరిగే చాలా ప్రశ్నల్లో మూల చట్టం ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం 1934 అనే ఉంటుంది. 2025 జనవరి 1 నుంచి దాని స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2024 అమల్లోకి వచ్చింది. 2025 సెప్టెంబరులో డ్రోన్లకు ప్రత్యేక చట్టం కోసం కేంద్రం ఒక ముసాయిదా బిల్లు కూడా బయటపెట్టింది. ఏ నోట్సు చేతిలో ఉన్నా దాని మీద ఉన్న సంవత్సరం చూడాల్సిందే.

వాతావరణం పాఠం దగ్గర కొండ పిల్లలకు మైదానం వారికన్నా ముందు అర్థమయ్యే సంగతులున్నాయి. పగలు ఎండకు కొండ వాలు వేడెక్కి గాలి లోయ నుంచి పైకి పాకుతుంది. పొద్దు వాలాక వాలు చల్లబడి గాలి కిందికి జారుతుంది. గూడెంలో పొయ్యి పొగ తెల్లవారుజామున పల్లానికి పాకడం, మధ్యాహ్నం ఎగువకు లేవడం చూసినవారికి ఇది కొత్త కాదు, దానికి పుస్తకంలో ఒక పేరుందంతే. కొండ శిఖరం దాటిన గాలి అవతలి వైపు సుడులు తిరుగుతూ కిందికి పడుతుంది. ఆ సుడిలో చిక్కిన డ్రోన్ మోటార్లు పూర్తి బలంతో తిరిగినా కిందికే పోవచ్చు. శీతకాలం మంచు ఎందుకు పడుతుంది, ఎప్పుడు విడుస్తుంది అన్న ప్రశ్నకు సమాధానం గాలిలోని తేమ, మంచు బిందువు అనే ఉష్ణోగ్రత. ఆ రెండిటి సంబంధం ఒకసారి అర్థమైతే పరీక్షలో అడిగే ఆ ప్రశ్నలు బట్టీ పట్టక్కర్లేదు. మంచులో డ్రోన్ కంటికి కనపడదు. సాధారణ అనుమతితో ఎగరేసేవారు డ్రోన్‌ను ఎప్పుడూ కంటి ముందు ఉంచుకోవాలన్నది మౌలిక నియమం.

ఎత్తు పెరిగితే గాలి పలచబడుతుంది. సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకులో గాలి సాంద్రత సముద్ర తీరంతో పోలిస్తే దాదాపు 8 శాతం తక్కువ. అదే బరువు ఎత్తడానికి రెక్కలు ఇంకా వేగంగా తిరగాలి, బ్యాటరీ ఇంకా త్వరగా అయిపోతుంది. కాకినాడలో ఇరవై నిమిషాలు ఎగిరిన డ్రోన్ అరకు కాఫీ తోట మీద అంతసేపు నిలవదు.

బ్యాటరీ లెక్కలు కష్టంగా కనిపిస్తాయి కానీ అంకెలు చిన్నవే. డ్రోన్లలో వాడే లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కో సెల్ మామూలు వోల్టేజి 3.7, నిండా ఎక్కితే 4.2. ఆరు సెల్‌లు వరసగా ఉంటే 22.2, నిండితే 25.2. దాచిపెట్టేటప్పుడు సెల్‌కు 3.8 దగ్గర ఉంచాలి. పూర్తిగా నింపి వారాల తరబడి ఉంచితే పాడవుతుంది, పూర్తిగా ఖాళీ చేసినా పాడవుతుంది. ఇక సమయం. 16,000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ, సగటున 40 ఆంపియర్లు లాగే డ్రోన్ అనుకుంటే, 16ను 40తో భాగిస్తే 0.4 గంట, అంటే 24 నిమిషాలు. కానీ 24 నిమిషాలు ఎగరేసినవాడు డ్రోన్‌ను లోయలో వెతుక్కోవాలి. 30 శాతం మిగిల్చి దించాలనుకుంటే చేతిలో ఉన్నది దాదాపు 17 నిమిషాలే.

గాలి దిశ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. సెకనుకు 10 మీటర్ల వేగంతో పోయే డ్రోన్‌కు 4 మీటర్ల గాలి ఎదురొస్తే నేల మీద దాని వేగం 6, వెనక నుంచి తోస్తే 14. పన్నెండు వందల మీటర్ల దూరం పోవడానికి ఎదురుగాలిలో 200 సెకన్లు, వాలుగాలిలో దాదాపు 86. రానూపోనూ మొత్తం సమయం రెండు విధాలా ఒకటే అయినా, వెళ్లేటప్పుడు ఎదురుగాలిని ఎంచుకున్నవాడు బ్యాటరీ నిండుగా ఉండగానే కష్టం ముగించుకుంటాడు. పొద్దున్నే వాలుగాలికి పోయి, అలసిన బ్యాటరీతో ఎదురుగాలిలో తిరిగొచ్చేవాడికి ఇంటి దారి రెట్టింపు కన్నా పొడవవుతుంది. పడవను ఏటికి ఎదురు తోసి, దిగువకు తేలుతూ తిరిగొచ్చే గోదావరి పల్లెకారుకు ఈ సూత్రం తాతల నాటిది.

తెలుగు మీడియంలో చదివినవారు ఎక్కువగా భయపడేది రేడియో భాష పాఠం. నిజానికి భయపడాల్సిన పని తక్కువ. విమానయానంలో అక్షరాలను ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా అని పలుకుతారు, ఇవి ఇరవై ఆరు మాటలు. అంకెల్లో కొన్నిటి పలుకుబడి మారుతుంది. మూడును 'ట్రీ' అంటారు, ఐదును 'ఫైఫ్' అంటారు, తొమ్మిదిని 'నైనర్' అంటారు. హోరులో ఒక అంకె ఇంకొకటిగా వినపడకుండా ఉండాలని ఈ ఏర్పాటు. ప్రపంచంలో ఎవరి మాతృభాషా కాని పలుకుబడి ఇది. లండన్ వాడూ నేర్చుకోవాల్సిందే, మారేడుమిల్లి వాడూ నేర్చుకోవాల్సిందే. రోడ్డున పోయే బండ్ల నంబర్లను వారం రోజులపాటు ఈ పద్ధతిలో పైకి చదివితే నాలుకకు అలవాటైపోతుంది.

ఎగరేసే పరీక్షలో చేతులదే పని. సాధారణంగా వాడే పద్ధతిలో ఎడమ స్టిక్ పైకీ కిందికీ తోస్తే డ్రోన్ లేస్తుంది, దిగుతుంది. పక్కలకు తోస్తే ఉన్నచోటే తిరుగుతుంది. కుడి స్టిక్ ముందుకూ వెనక్కూ, కుడికీ ఎడమకూ నడుపుతుంది. మొదటి రోజు అందరూ బాగానే నడుపుతారు, ఎందుకంటే డ్రోన్ ముక్కు ఎదురు దిక్కుకు ఉంటుంది, దాని కుడి మన కుడి ఒకటే. ముక్కు మన వైపు తిరిగిన క్షణాన అంతా తలకిందులవుతుంది. కుడికి తోస్తే అది మన ఎడమకు పోతుంది. చేతులు ఆగిపోయేది, డ్రోన్ చెట్టెక్కేది అక్కడే. అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకునే చేతికి ఆ తికమక ఎలా పోయిందో, సిమ్యులేటర్ మీద గంటలు గడిపితే ఇదీ అలాగే పోతుంది. చతురస్రం, వలయం, ఎనిమిది అంకె ఆకారం తిప్పడం, గాలిలో ఒకేచోట నిలపడం, అనుకున్న చోట దించడం సాధనలో ఉంటాయి. మామూలు కంప్యూటర్‌కు కంట్రోలర్ తగిలించి నడిపే సిమ్యులేటర్లు ఉన్నాయి. శిక్షణకు నెల ముందు నుంచి రోజుకు అరగంట కూర్చున్నవారికి మైదానంలో చేతులు వణకవు.

ప్రమాద సమయాల పాఠంలో కొండలకు ప్రాణాధారమైన అంశం ఒకటుంది. రేడియో సంబంధం తెగితే డ్రోన్ తనంతట తాను బయల్దేరిన చోటుకు తిరిగొచ్చే ఏర్పాటు చాలా డ్రోన్లలో ఉంటుంది. ఎంత ఎత్తుకు లేచి రావాలో ముందే పెట్టాలి. మైదానంలో 30 మీటర్లు పెడితే చెట్ల మీదుగా క్షేమంగా వస్తుంది. ఘాట్‌లో డ్రోన్‌కూ పైలట్‌కూ మధ్య 60 మీటర్ల గుట్ట ఉంటే, అదే 30 మీటర్ల ఎత్తులో అది తిన్నగా గుట్టకు కొట్టుకుంటుంది. ఇక్కడ సంబంధం తెగడమూ ఎక్కువే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గుట్టను చీల్చుకుని రాలేవు, వానకు తడిసిన వెదురు ఆకుల్లోనూ బలహీనపడతాయి. ఇరుకు లోయలో ఆకాశం కొంచెమే కనపడుతుంది కాబట్టి జీపీఎస్ ఉపగ్రహాలూ తక్కువ దొరుకుతాయి. స్థానం, ఎత్తు తెలియడానికి కనీసం నాలుగు కావాలి. మొబైల్ సిగ్నల్ లేని చోట పటం తెరుచుకోదు, అందుకని ఊళ్లోనే దించుకుని వెళ్లాలి.

తెలుగు రాష్ట్రాల్లో శిక్షణకు లోటు లేదు, కానీ దూరం ఒక సమస్య. గుంటూరు లాంలోని ఆచార్య ఎన్‌జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం డీజీసీఏ ఆమోదంతో డ్రోన్ పైలట్లను తయారు చేస్తోంది. హైదరాబాద్‌లో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఉంది. ప్రైవేటు కేంద్రాలూ ఉన్నాయి. 2023 నవంబరు 29న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల రాయితీ. సంఘం నుంచి ఎంపికైన మహిళకు పదిహేను రోజుల శిక్షణ, అందులో ఐదు రోజులు పైలట్ శిక్షణ, పది రోజులు పురుగుమందులు, పోషకాలు చల్లే పద్ధతి. డ్వాక్రా సంఘాలు బలంగా పాతుకున్న ఆంధ్రప్రదేశ్‌కు ఈ పథకం అతికినట్టు సరిపోతుంది.

మారేడుమిల్లి నుంచి గుంటూరు వెళ్లి వారం ఉండాలంటే శిక్షణ రుసుముతోపాటు బస్సు చార్జీలు, బస, తిండి, పోయిన కూలి అన్నీ కలుస్తాయి. అంతకన్నా పెద్ద బరువు భాష. కొండరెడ్ల మాట తెలుగే. వారి పిల్లలు పదో తరగతి దాకా చదివిందీ ఎక్కువగా తెలుగులోనే. వాగు మీద గాలి ఎటు మళ్లుతుందో చెప్పగలిగిన కుర్రాడు, ఆ సంగతినే ఇంగ్లిషులో నాలుగు జవాబులుగా ఇచ్చి సరైనది గుర్తించమంటే ఆగిపోతాడు. ఇది అతని తెలివికి కొలత కాదు. రోడ్డు మీద బండి నడపడానికి లెర్నర్ లైసెన్స్ పరీక్షను తెలుగులో రాసే వీలుంది. ఆకాశంలో నడిపేవారికీ తెలుగులో పూర్తి పాఠ్యపుస్తకం, ప్రశ్నల నిధి ఉండాలి. రంపచోడవరంలో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఉంది, యువతకు నైపుణ్యాలు నేర్పిన అనుభవం ఉంది. ఆమోదం పొందిన కేంద్రంతో కలిసి అక్కడే శిబిరం పెట్టించి, కొండల్లోనే ఎగరేయడం నేర్పితే ఖర్చు, భాష అనే రెండు బరువులూ తగ్గుతాయి. మైదానంలో నేర్చుకున్నవాడికి కొండ మళ్లీ కొత్త పాఠం. కొండలో నేర్చుకున్నవాడికి మైదానం నల్లేరు మీద బండి నడక.

అమెరికాలో దారి వేరు. 2016 ఆగస్టు 29న అమల్లోకి వచ్చిన పార్ట్ 107 నియమాల ప్రకారం పదహారేళ్లు నిండినవారు నేరుగా పరీక్ష కేంద్రానికి వెళ్లి 60 ప్రశ్నలకు రెండు గంటల్లో జవాబులు రాయవచ్చు. 70 శాతం వస్తే చాలు. ఎగరేసి చూపించాల్సిన పని లేదు, శిక్షణలో చేరాల్సిన పని లేదు. రెండేళ్లకోసారి ఆన్‌లైన్‌లో ఉచితంగా పునశ్చరణ చేస్తే సరిపోతుంది. డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు చదువుకుని పెళ్లి వీడియోల కోసం ఈ పరీక్ష రాయడం అక్కడి తెలుగువారికి తేలిక. ఖర్చులో ఆ పద్ధతి మేలు. చేతికి పని నేర్పడంలో మాత్రం మన పద్ధతే మేలు. ఒక్కసారీ స్టిక్ పట్టని మనిషి చేతికి పైలట్ పత్రం ఇవ్వకపోవడం సరైన నిర్ణయమే.

సర్టిఫికెట్ చేతికొచ్చాక పని ఉందా అన్నది చివరి ప్రశ్న. ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే డ్రోన్ల సాయంతో నడిచింది. 2021 సెప్టెంబరు 11న తెలంగాణలోని వికారాబాద్‌లో మందులను, టీకాలను డ్రోన్లతో చేరవేసే ప్రయోగం మొదలైంది, కంటికి కనపడనంత దూరం ఎగరేసే పరీక్షలు అక్కడ జరిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు నీళ్లలో చిక్కుకున్న ఇళ్లకు డ్రోన్లు ఆహార పొట్లాలు మోశాయి. ఆ మరుసటి నెల 22, 23 తేదీల్లో అమరావతి డ్రోన్ సదస్సు జరిగింది; కృష్ణా తీరాన 5,500కు పైగా డ్రోన్ల ప్రదర్శన గిన్నిస్ రికార్డులకెక్కింది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో గంజాయి తోటలు కనిపెట్టడానికి పోలీసులు డ్రోన్లే వాడుతున్నారు.

ఏజెన్సీకి వీటన్నిటికన్నా విలువైన పని మందుల రవాణా. డోలీ కట్టి రోగిని కిలోమీటర్ల దూరం మోసుకొచ్చే ఊళ్లు ఈ కొండల్లో ఇంకా ఉన్నాయి. పాము కాటుకు మందు వాగు అవతలికి చేరడానికి రోడ్డు మీద గంటలు పట్టే చోట, డ్రోన్‌కు నిమిషాలు చాలు. అలాంటి దూరప్రయాణానికి సాధారణ సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు, ప్రత్యేక అనుమతులు కావాలి. కానీ ఆ దారికి మొదటి మెట్టు ఈ పరీక్షే.

చేరబోయేవారికి ఒక మాట. పదో తరగతి మార్కుల జాబితా, ఓటరు కార్డు, ఫొటోలు, వైద్యుడి పత్రం ముందే సిద్ధం చేసుకోండి. డబ్బు కట్టే ముందు ఆ శిక్షణ సంస్థ పేరు డీజీసీఏ వెబ్‌సైట్‌లోని ఆమోదిత సంస్థల జాబితాలో ఉందో లేదో చూసుకోండి. ఏ తరగతి డ్రోన్ మీద నేర్పుతారో, ఎన్ని గంటలు మీ చేతికి స్టిక్ ఇస్తారో అడిగి రాయించుకోండి. ఆ జాబితాలో పేరు లేని సంస్థ ఇచ్చిన కాగితంతో డబ్బుకు డ్రోన్ ఎగరేయడానికి చట్టం ఒప్పుకోదు.